చీప్ అంటే చవకా, చవకబారా?

గోదారి గట్టు: క్లయింటుకి పంపే మెయిల్లో "మాది చీప్ సొల్యూషన్" అని రాశా, మా లీడ్ చూసి నెత్తి పట్టుకుని కాస్ట్ ఎఫెక్టివ్ అని మార్చమన్నాడు. రెండిటికీ రేటు తక్కువనేగా అర్థం? ఎందుకీ ఓవరాక్షన్? చీప్‌లో తప్పేముందో చెప్పండి.

వేపపుల్ల: తప్పు నీదే బ్రో. ఇనెక్స్‌పెన్సివ్ అంటే ఒట్టి ధర మాటే, సరుకు ఊసెత్తదు. చీప్ అంటే సరుకూ అంతంతమాత్రమే అని వినపడుద్ది. ఇక కాస్ట్ ఎఫెక్టివ్ అంటే అసలు రేటు తక్కువుండక్కర్లా, పెట్టిన డబ్బుకి ఫలితం గిట్టుబాటవ్వాలి అంతే, యాభై లక్షల మెషీన్ని కూడా అనొచ్చు.

గోదారి గట్టు: మరి చీప్ ఫ్లైట్స్ అని సైట్లన్నీ మొత్తుకుంటాయేం? మన షాపుల ముందు చీప్ అండ్ బెస్ట్ బోర్డులో?

వేపపుల్ల: కొనేవాడు వెతికేది ఆ మాటతోనే కాబట్టి. కొనేవాడి నోట్లో అది మంచి మాటే. బోర్డు మీద బెస్ట్ ఎందుకు తగిలించారనుకున్నావ్, చీప్ అని వదిలేస్తే డౌటొస్తుందనేగా 😀

పాత పుస్తకం: పుట్టుకలో దానికి ఆ మచ్చ లేదండీ. పాత ఇంగ్లీషులో దాని మూలానికి బేరం, వ్యాపారం అని అర్థం, లండన్లో చీప్‌సైడ్ అనే వీధి ఒకప్పటి అంగడి. గుడ్ చీప్ అంటే మంచి బేరం, వాడగా వాడగా గుడ్ రాలిపోయింది. గుడ్ పోయాకే చెడ్డపేరొచ్చిందని నేనంటా, అది జోకే లెండి.

కరీంనగర్ పోరడు: మా దిక్కు చవకైతే అగ్గువ, ఖరీదైతే పిరం అంటం. అగ్గువకు దొరికిందంటే ఖుషీనే, ఎవ్వలు చిన్నతనం అనుకోరు. గని మనిషిని అంటే వేరే ముచ్చట. అమెరికల "వాడు చీప్" అంటే పిసినారి అన్నట్టు, మన దగ్గర చీప్‌గ బిహేవ్ చేస్తున్నవ్ అంటే దిగజారినవ్ అని, ఇగ కొట్లాటే.

సన్నజాజి: తెలుగులోనూ ఉందిగా ఆ తేడా. రేషన్ షాపుని చౌక ధరల దుకాణం అంటే ఎవరికీ తప్పనిపించదు. మా అమ్మ ఆరొందల చీరతో పెళ్లికెళ్తే పక్కావిడ "చీప్‌గా ఉందే" అంది, అమ్మ కొంగు తిప్పి నేత చూపించి "చవకే వదినా, చవకబారు కాదు" అంది, ఆవిడ మళ్ళీ నోరెత్తితే ఒట్టు.

గోదారి గట్టు: సరే, మార్చి పంపా. ఇప్పుడే రిప్లై వచ్చింది, ఇంతకన్నా చీప్ ఆప్షన్ ఏమైనా ఉందా అని అడుగుతున్నాడు.