బోటులో బేస్ కొట్టినప్పుడల్లా ఆంప్ ఆగిపోతోంది, పెద్దది కొనాలా?

పాంటూన్‌బాబు:
అందరికీ నమస్తే. హుస్సేన్ సాగర్‌లో నేనూ మా బావమరిదీ కలిసి ఒక పాంటూన్ బోటు నడుపుతున్నాం. కింద అల్యూమినియం డ్రమ్ములు, మీద డెక్, పైన టార్పాలిన్ కప్పు. ఇరవై మంది పడతారు. ఎక్కువగా బర్త్‌డేలు, అప్పుడప్పుడు ఆఫీసు వాళ్ల పార్టీలు. ఏడాదిన్నర కింద ఒక కార్ డెకార్ షాపులో సౌండ్ పెట్టించాం. ఆరున్నర అంగుళాల స్పీకర్లు నాలుగు, డబ్బా మీద వెయ్యి వాట్లు అని రాసున్న నాలుగు చానళ్ల ఆంప్ (స్పీకర్లకు పవర్ ఇచ్చే ఆంప్లిఫయర్).

ఇప్పుడు బాధలు ఏంటంటే, వాల్యూమ్ పెంచితే బేస్ దగ్గర ఆంప్ ఎర్ర లైటు వేసి ఆగిపోతుంది. ఐదారు సెకన్లకు మళ్లీ వస్తుంది. సరిగ్గా కేక్ కోసే టైముకే ఆగుతుంది. పోయిన ఆదివారం పాప కత్తి పట్టుకుని నిలబడితే, పాట మేమే చప్పట్లు కొడుతూ పాడాల్సి వచ్చింది. ఇంజిన్ రేజ్ చేస్తే స్పీకర్లలో కుయ్యిమని సన్నటి మోత. రెండు స్పీకర్ల పేపర్ వానకు ఉబ్బి, అప్పడం తడిసినట్టు అయిపోయింది. ఒకసారి పార్టీ అయ్యాక ఇంజిన్ స్టార్ట్ కాకపోతే వేరే బోటు వచ్చి తాడు కట్టి లాక్కొచ్చింది. ఆ పరువు సంగతి వదిలేయండి.

బ్యాటరీ ఒక్కటే, 100 ఏహెచ్ (ఆంపియర్-అవర్), వెనక ఇంజిన్ పక్కన. ఆంప్ ముందు సీటు కింద, మధ్యలో ఆరు మీటర్లు. మెకానిక్ రెండు వేల వాట్ల ఆంప్, 12 అంగుళాల సబ్ (బేస్ కోసం వేరే పెద్ద స్పీకర్) వేయమంటున్నాడు. నా దగ్గర అరవై వేలున్నాయి. కొనేయమంటారా?

కోఠి మల్టీమీటర్:
ఆగు తమ్ముడూ, రూపాయి కూడా తీయకు. ముందు మూడు సంగతులు చెప్పు. బ్యాటరీ నుంచి ఆంప్‌కి వచ్చే వైరు ఎంత మందం? నల్ల వైరు ఎక్కడ బిగించారు? ఆంప్ పక్కన ఉన్న ఫ్యూజ్ మీద ఏ నంబరుంది?

పాంటూన్‌బాబు:
ఎర్ర వైరు ఇంట్లో వాడే 2.5 ఎస్‌క్యూ ఎంఎం (చదరపు మిల్లీమీటర్లు). నల్లది ఆంప్ పక్కనే రెయిలింగ్‌కి స్క్రూ కొట్టి పెట్టాడు, కార్లో బాడీకి పెట్టినట్టు. ఫ్యూజ్ 30. బ్యాటరీ దగ్గర ఫ్యూజ్ ఏమీ లేదు.

కోఠి మల్టీమీటర్:
దొరికింది. మొదట ఆ వెయ్యి వాట్ల సంగతి. 30 ఆంపియర్ల ఫ్యూజ్‌ని 13 వోల్టులతో గుణిస్తే 390 వాట్లు. పాత రకం ఏబీ క్లాస్ ఆంప్ అందులో సగానికి కాస్త ఎక్కువే స్పీకర్‌కి ఇస్తుంది, మిగతాది వేడి. అంటే నీది సుమారు 200 వాట్ల ఆంప్, చానల్‌కి 50. డబ్బా మీద నంబర్లు పెళ్లిచూపుల్లో చెప్పే జీతం లాంటివి. ఫ్యూజ్ చూడాలి.

ఇప్పుడు వైరు. 2.5 వైరు మీటరుకి సుమారు 0.007 ఓమ్. ఆరు మీటర్లకి 0.04. అందులో 30 ఆంపియర్లు పోతే ఎర్ర వైరులోనే 1.2 వోల్టులు తినేస్తుంది. తుప్పు పట్టిన స్క్రూ దగ్గర ఇంకొంత. బ్యాటరీలో 12 ఉన్నా ఆంప్ దగ్గరికి 10 కూడా చేరదు, అది భయపడి ఆగుతుంది. రెండు వేల వాట్లది పెడితే ఇంకా తొందరగా ఆగుతుంది.

నమ్మకం లేకపోతే ఒక పని చెయ్యి. స్పీకర్లు బరబరలాడనంత వాల్యూమ్‌లో ఫోన్లో 60 హెర్ట్జ్ టోన్ (ఆగకుండా మోగే ఒకే బేస్ శబ్దం) ప్లే చేసి, ఆగే ముందు మీటరుతో బ్యాటరీ దగ్గరా ఆంప్ దగ్గరా కొలువు. తర్వాత బండి స్టార్ట్ చేసే జంపర్ కేబుళ్లు తెచ్చి, బ్యాటరీ నుంచి నేరుగా ఆంప్‌కి ఎరుపూ నలుపూ రెండూ పట్టించి మళ్లీ కొలువు. ముందు పెట్రోల్ డబ్బా దూరంగా పెట్టు.

నల్లోడు:
అన్నా ఇంత లొల్లి ఎందుకు, ఛార్జింగ్ పెట్టుకునే ట్రాలీ స్పీకర్ ఒకటి తెచ్చి పెట్టుకో. దింపుడు ఎక్కించుడు, అయిపోయె.

పాంటూన్‌బాబు:
రెండు కొన్నాం భాయ్. ఒకటి నీళ్లలో ఉంది.

చెరువు గాలి:
రెయిలింగ్‌కి నెగెటివ్ పెట్టిన సంగతి చదివి ఉలిక్కిపడ్డాను. కారు నేల మీద ఉంటుంది, బోటు నీళ్లలో ఉంటుంది. అల్యూమినియం డ్రమ్ముల గుండా కరెంటు తిరిగితే అది నీళ్లలోకి కూడా దారి వెతుక్కుంటుంది. అప్పుడు లోహం చిన్న చిన్న గుంటలు పడి అరిగిపోతుంది. బోటు బయటికి తీసినప్పుడు డ్రమ్ముల అడుగు వేలితో తడిమి చూడండి. నెగెటివ్‌కి కూడా సొంత వైరు బ్యాటరీ దాకా పోవాల్సిందే. మీ కుయ్యిమనే మోత కూడా చాలావరకు అక్కడి నుంచే. ఆడియో కేబుల్‌ని పవర్ వైరుతో కట్ట కట్టి ఉంటే విడదీయండి, ఒకటి కుడి పక్క, ఒకటి ఎడమ పక్క.

ఇంకోటి. మనది ఉప్పునీరు కాదు కదా అని మామూలు వైరు వేయకండి. సాగర్ మురుగు వాసన అందరికీ తెలిసిందే. అందులో ఉండే హైడ్రోజన్ సల్ఫైడ్ వెండి పట్టీలను నల్లగా చేసినట్టే రాగిని కూడా నల్లగా చేస్తుంది. ఒకసారి వైరు చివర పైతోలు తీసి చూడండి. ఇత్తడి గిన్నెకి కళాయి వేసినట్టు తగరం పూసిన రాగి వైరు దొరుకుతుంది, అదే కొనండి. లగ్గులు (వైరు చివర బిగించే లోహపు కొక్కేలు) క్రింప్ చేయించి, అంటే గట్టిగా నొక్కించి, పైన జిగురున్న హీట్ ష్రింక్ స్లీవ్ (వేడి చేస్తే బిగుసుకునే గొట్టం) వేయించండి. నల్ల టేపు మాత్రం వద్దు, ఎండకి కారిపోతుంది.

పాంటూన్‌బాబు:
కొలిచాను. బ్యాటరీ దగ్గర 12.3, ఆంప్ దగ్గర 9.9. ఎర్ర వైరు ఈ చివర నుంచి ఆ చివరకి 1.1, నల్ల పక్క 1.3! జంపర్లు రెండు జతలు కలిపి పట్టిస్తే ఆంప్ దగ్గర 11.8. అదే ఆంప్ ఆగకుండా మోగింది. మోత కూడా సగానికి పైగా తగ్గింది. వైరు చివర కోసి చూశాను, రెండు అంగుళాల లోపల దాకా బొగ్గులా ఉంది. డ్రమ్ము సంగతి తలుచుకుంటే టెన్షన్‌గా ఉంది, నిమజ్జనం రోజుల్లో బోటు ఎలాగూ ఒడ్డునే ఉంటుంది, అప్పుడు ఎత్తి చూస్తాం.

మరి అరవై వేలు ఎలా ఖర్చు పెట్టమంటారు?

కోఠి మల్టీమీటర్:
ముందు 16 ఎస్‌క్యూ ఎంఎం వైరు, ఎరుపూ నలుపూ. రానూ పోనూ పన్నెండు మీటర్లకి 30 ఆంపియర్ల దగ్గర 0.4 వోల్టే పోతుంది. బ్యాటరీకి జానెడు దూరం లోపలే 40 ఫ్యూజ్ పెట్టు. అమెరికా బోటు ప్రమాణాల్లో ఏడు అంగుళాలు అంటారు. పెట్రోల్ పక్కన ఫ్యూజ్ లేని వైరుతో ఏడాదిన్నర తిరిగావంటే బుద్ధుడు చూస్తూనే ఉన్నాడు.

తర్వాత పాటలకి వేరే బ్యాటరీ, మధ్యలో వోల్టేజ్ చూసి కలిపే రిలే (దానంతటదే పనిచేసే స్విచ్చు). ఇంజిన్ ఆగితే అది రెండింటినీ విడదీస్తుంది, స్టార్టింగ్ బ్యాటరీ జోలికి పాట పోదు. మామూలు లెడ్ బ్యాటరీ అయితే సగం కంటే ఎక్కువ వాడకు.

మిగిలిన డబ్బు స్పీకర్లకి. మెరైన్‌వి (బోట్ల కోసం చేసినవి) తీసుకో, ప్లాస్టిక్ కోన్, రబ్బరు అంచు. ఫ్యూజన్, జేఎల్ ఆడియో బ్రాండ్లు మంచివే, రెండూ ఇప్పుడు గార్మిన్ కంపెనీవే, ధర మాత్రం గట్టిది. సెన్సిటివిటీ, అంటే అదే పవర్‌కి ఎంత గట్టిగా మోగుతుందో, చూడు. 88 డెసిబెల్స్ ఉన్నదాని బదులు 91 ఉన్నది తీసుకుంటే ఆంప్ రెట్టింపు చేసినంత లాభం. నాలుగు కాకుండా ఆరు పెట్టు. బోటుకి గోడల్లేవు, దూరం రెట్టింపైతే 6 డెసిబెల్స్ పోతాయి. మనుషుల మోకాళ్ల దగ్గర మెల్లగా మోగే ఆరు, మూలల్లో అరిచే నాలుగు కంటే బాగుంటాయి. ఒడ్డున వాళ్లకీ తక్కువ వినిపిస్తుంది. రాత్రి పది తర్వాత లౌడ్‌స్పీకర్ ఎలాగూ కుదరదు.

ఆంప్ మీద గెయిన్ (లోపలికొచ్చే సిగ్నల్‌ని ఎంత పెంచాలో చెప్పే మర) చెవితో తిప్పకు. స్పీకర్లు ఊడదీసి, 1 కిలోహెర్ట్జ్ టోన్, ఫోన్ వాల్యూమ్ ముప్పావు, మీటర్ ఏసీలో పెట్టి స్పీకర్ టెర్మినల్స్ దగ్గర 14 వోల్టులు వచ్చేదాకా పెంచి ఆపు. 4 ఓమ్‌ల మీద 50 వాట్లకి లెక్క అదే. 80 హెర్ట్జ్ కింద ఉండే లోతు బేస్‌ని ఆంప్ ఫిల్టర్‌తో కోసేయ్.

పాంటూన్‌బాబు:
అంటే ఆంప్ పాతదే ఉంచాలా? మా బావమరిది మొహం చూడాలి మీరు. సబ్ కూడా వద్దా?

కోఠి మల్టీమీటర్:
కొత్త స్పీకర్లు ఆరైతే డి క్లాస్ (వేడి కింద తక్కువ పోగొట్టే రకం) ఆరు చానళ్లది తర్వాత కొనుక్కో, వైరు సరిపోతుందో లేదో అప్పుడు దాని ఫ్యూజ్ చూసి చెప్తా. సబ్ కావాలంటే సీటు కింద పెట్టె గాలి పోకుండా మూసి ఉండాలి. ఇప్పుడు అందులో ఏముంది?

పాంటూన్‌బాబు:
లైఫ్ జాకెట్లు.

కోఠి మల్టీమీటర్:
అయితే సబ్ వద్దు.