టెక్కలి నుంచి హైదరాబాద్‌కి వేట మాంసం, రొయ్యలు: గడ్డ విడకుండా తీసుకెళ్లేదెలా?

టెక్కలి_శ్రీను:
అందరికీ నమస్కారం. ఏప్రిల్ మూడో వారంలో కారులో హైదరాబాద్ వెళ్తున్నాం. 750 కిలోమీటర్ల పైమాటే, ఆగుతూ వెళ్తే 15 గంటలు పడుతుంది. అక్కావాళ్లకి 8 కిలోల వేట (మేక) మాంసం, 2 కిలోల భావనపాడు రొయ్యలు పట్టుకెళ్లాలి. ఇంట్లో డబుల్ డోర్ ఫ్రిజ్ ఉంది. చేపల మార్కెట్లో థర్మోకోల్ పెట్టె కొని ఐసు ముక్కలు నింపేస్తే సరిపోతుందా? డిక్కీలో పెట్టాలా, లోపల పెట్టాలా? పిల్లలు తినేది, కాబట్టి కాస్త వివరంగా చెప్పండి.

కోల్డ్‌రూమ్_విజయనగరం:
శ్రీను గారూ, ఐసు ముక్కలతో చిక్కేమిటంటే, ఐసు కరిగేది 0 డిగ్రీల దగ్గర. మాంసంలో గడ్డ మైనస్ 5 దాటగానే మెత్తబడటం మొదలై మైనస్ 1 దగ్గరికి వచ్చేసరికి విడిపోతుంది. అంటే బయటి వేడికి ముందు లొంగేది మాంసమే, ఐసు తర్వాత. ఐసు చల్లగా ఉంచుతుంది గానీ గడ్డగా ఉంచలేదు. మందుల షాపుల్లో దొరికే జెల్ ప్యాకులు చాలావరకు ఇంతే.

ఉప్పునీళ్ల సీసాలు వాడండి. లీటరు నీళ్లకి 100 గ్రాముల కల్లుప్పు బాగా కరిగించి ప్లాస్టిక్ సీసాలో పోయండి, పైన ఎనిమిదో వంతు ఖాళీ వదలండి, లేకపోతే పగులుతుంది. ఈ నీళ్లు పూర్తిగా కరిగేది సుమారు మైనస్ 6 దగ్గర కాబట్టి మాంసం కంటే ముందు వేడిని ఇవే పీల్చుకుంటాయి. ఫ్రీజర్లో రాయిలా గట్టిపడవు, గుజ్జుగానే ఉంటాయి, కంగారు పడకండి. ఉప్పు ఎక్కువేస్తే ఇంకా మంచిది కదా అని 200 గ్రాములకి పోవద్దు. ఇంటి ఫ్రీజర్ మైనస్ 18 దగ్గర ఆగిపోతుంది, అంత ఉప్పు ఉంటే నీళ్లలో గడ్డ కట్టేది చాలా తక్కువ.

ఇక పెట్టె. అసలు తేడా అంతా గోడ మందంలోనే ఉంది. 60×40×40 సెంటీమీటర్ల పెట్టె, 2 అంగుళాల గోడ, బయట 35 డిగ్రీలు అనుకుంటే, లోపల 30 వాట్ల బల్బు వెలుగుతున్నంత వేడి ఆగకుండా చొరబడుతుంది. 15 గంటలకి 6 లీటర్ల ఉప్పునీళ్ల సీసాలు కావాలి. చేపల మార్కెట్లో మామూలుగా దొరికే అంగుళం గోడ పెట్టె అయితే 12, 13 లీటర్లు కావాలి. 2 అంగుళాలది దొరక్కపోతే ఒక పెట్టెలో ఇంకోటి దూర్చి, మధ్య సందులో నలిపిన పేపర్లు కుక్కండి.

పెట్టెని కారు లోపలే, ఏసీ తగిలేచోట ఉంచండి. 25 డిగ్రీల్లో ఉంటే చొరబడే వేడి నాలుగో వంతు తగ్గుతుంది. ఎండలో ఆపిన కారు డిక్కీ 45 దాటిపోతుంది.

ప్లాంట్_క్వాలిటీ_శ్రీకాకుళం:
పైన చెప్పింది సరైనదే. అయితే సగం పని బయల్దేరడానికి ముందే అయిపోవాలి.

వేట కోసిన కొద్ది గంటల్లో కండ బిగుసుకుంటుంది. ఆ బిగుపులోనే గడ్డ కట్టిస్తే, విడిపించినప్పుడు ముక్క సాగుతుంది, ఎంత ఉడికించినా మెత్తబడదు. అందుకని వెడల్పాటి గిన్నెలో పలచగా పరిచి, మూత పెట్టి, ఒకరోజు ఫ్రిజ్ కింది అరలో ఉంచండి. తర్వాత నీరు ఒత్తేసి, అర కిలో చొప్పున కవర్లలో వేసి, గాలి తీసి, అంగుళం మందాన చదునుగా అణచండి. ముద్దగా కట్టిన రెండు కిలోల మూట నడుమ గడ్డ కట్టడానికి చాలా ఎక్కువసేపు పడుతుంది. పైకి గట్టిగా తగులుతుంది, లోపల పచ్చిగానే ఉంటుంది. దారిలో ముందు విడిపోయేదీ అదే.

ఇంటి ఫ్రీజర్లో రోజుకి 2, 3 కిలోలకి మించి కొత్త సరుకు పెట్టకండి. అంటే మాంసానికే మూడు నాలుగు రోజులు కావాలి, ఆపైన సీసాలు. చోటు చాలకపోతే తెలిసినవాళ్ల ఐస్‌క్రీం డీప్ ఫ్రీజర్లో సీసాలు పెట్టించుకోండి.

రొయ్యలకి తల, నల్లపేగు తీసేయండి. తలలో ఉండే ఎంజైముల వల్లే కండ గుజ్జవుతుంది. తర్వాత డబ్బాలో సర్ది, మునిగేదాకా మంచినీళ్లు పోసి గడ్డ కట్టించండి. ఆ నీటి పొర గాలి తగలనివ్వదు, అంచులు ఎండి పీచులా అవ్వవు.

సర్దేటప్పుడు అడుగున రెండు సీసాలు, పక్కల రెండు, పైన రెండు. చల్లగాలి కిందికే దిగుతుంది కాబట్టి పైవి ముఖ్యం. ఖాళీ అంతా పేపరుతో నింపి, మూత చుట్టూ టేపు వేసి, హైదరాబాద్‌లోనే విప్పండి. "ఎలా ఉందో చూద్దాం" అని రాజమండ్రిలో ఒకసారి, సూర్యాపేటలో ఒకసారి మూత తీస్తే లోపలి చల్లగాలి బయటికి పోతుంది.

టెక్కలి_శ్రీను:
చాలా థ్యాంక్సండీ. డ్రై ఐస్ అయితే ఇంకా సులువని మా బావ అంటున్నాడు. విశాఖలో తీసుకోవచ్చా? అలాగే కానాగడత చేపలు కూడా రెండు కిలోలు పెడితే ఏమన్నా ఇబ్బందా?

కోల్డ్‌రూమ్_విజయనగరం:
డ్రై ఐస్ మైనస్ 78 డిగ్రీలు ఉంటుంది. మీ పెట్టెకి 3, 4 కిలోలు వేస్తే సరుకు రాయిలాగే చేరుతుంది. కానీ కిలో డ్రై ఐస్ నుంచి 500 లీటర్లకి పైగా కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. కారు లోపలి గాలి మొత్తం కలిపినా మూడు వేల లీటర్లకి అటూ ఇటూ ఉంటుంది. అద్దాలు మూసి, ఏసీ లోపలి గాలినే తిప్పుతుంటే ముందు తలనొప్పి, మత్తు, ఆపైన ప్రాణానికే ముప్పు. పిల్లలతో వెళ్లే కారులో వద్దనే చెప్తాను. డిక్కీ విడిగా ఉండే కారైతే అక్కడ పెట్టి, బయటి గాలి వచ్చేలా ఏసీ మార్చి, అద్దం రెండు వేళ్లంత దించాలి. పెట్టెకి పూర్తిగా టేపు వేయకూడదు, గ్యాసు పోవడానికి సందు వదలాలి. సీసాలో, స్టీలు క్యారియర్లో బిగించారంటే పేలుతుంది. ఒట్టి చేత్తో ముట్టుకోకండి.

ప్లాంట్_క్వాలిటీ_శ్రీకాకుళం:
కానాగడతలు వద్దండీ. వీటిలో చల్లదనం తగ్గితే హిస్టమిన్ అనే హానికర పదార్థం పుడుతుంది. ఒకసారి పుట్టాక మళ్లీ గడ్డ కట్టించినా, వేయించినా పోదు. ఒళ్లంతా ఎర్రబడి, దద్దుర్లు, వాంతులు వస్తాయి. వాసన బాగానే ఉండొచ్చు కూడా. వంజరం కూడా ఈ కోవలోదే. రేవులో పడవ దిగిన వెంటనే ఐసు పడిందని మీకు తెలిస్తే తప్ప అంత దూరం మోయకండి.

చేరాక వంటింటి థర్మామీటరు రెండు ప్యాకెట్ల మధ్య పెట్టి చూడండి. గట్టిగా ఉన్నవి నేరుగా ఫ్రీజర్‌కి. మెత్తబడినా లోపల ఐసు పలుకులు తగులుతుంటే మళ్లీ గడ్డ కట్టించొచ్చు, కాస్త రసం పోతుందంతే. పలుకుల్లేకుండా 5 డిగ్రీల లోపు ఉంటే ఫ్రిజ్‌లో పెట్టి మర్నాటికల్లా వండేయండి. 5 దాటి ఎంతసేపయిందో తెలియకపోతే పారేయండి, ఉడికిస్తే పోతుందిలే అనుకోవద్దు. కొన్ని బ్యాక్టీరియాలు వదిలే విషం మరిగినా చావదు. అన్నిటికంటే పైనున్న ప్యాకెట్టు ముందు చూడండి, వేడి మొదట తగిలేది దానికే.