నల్లగొండలో బీథోవెన్ తొమ్మిదో సింఫనీ పాడాలని ఉంది, దారి చెప్పండి

అందరికీ నమస్కారం. మాది నల్లగొండ. మా చర్చి క్వయర్‌లో 42 మందిమి ఉన్నాం. ఈ డిసెంబర్‌లో జనం ముందు జర్మన్ స్వరకర్త బీథోవెన్ తొమ్మిదో సింఫనీలో (ఆర్కెస్ట్రా కోసం రాసిన పెద్ద కృతి) గాయక బృందం పాడే చివరి భాగం పాడాలని గట్టిగా అనుకున్నాం. 1824 మే 7న వియన్నాలో మొదటిసారి వినిపించినప్పుడు అప్పటికే చెవుడు వచ్చిన ఆయనకు చప్పట్లు కూడా వినపడలేదట, ఒక గాయని ఆయన్ని జనం వైపు తిప్పిందట. ఆ సంగతి చెప్పుకున్న రోజు మావాళ్లలో చాలామంది కళ్లు తుడుచుకున్నారు.

మాకు ఆర్కెస్ట్రా లేదు. స్వరకర్త ఫ్రాంజ్ లిస్ట్ ఈ సింఫనీని రెండు పియానోలకు రాసిన రూపాన్ని రెండు కీబోర్డుల మీద వాయిద్దామనుకుంటున్నాం. నడుస్తుందా?

అసలు కష్టం సొప్రానోలది, అంటే అన్నిటికన్నా పై స్థాయిలో పాడే ఆడవాళ్లది. ఫ్యూగ్ (ఒకే బాణీని ఒక్కో గొంతు ఒకదాని వెనక ఒకటి అందుకునే భాగం) వచ్చే చోట పై 'ఎ' స్వరాన్ని చాలాసేపు వదలకుండా పట్టి ఉంచాలి. మా అక్కలు, చెల్లెళ్లు పగలంతా బడిలోనో పొలంలోనో పనిచేసి సాయంత్రం వస్తారు, గొంతు పట్టేస్తోంది. శ్రుతి ఒక మెట్టు దించితే బాస్ (అన్నిటికన్నా కింది స్థాయి) పాడే మగవాళ్లకు కింద అందదేమో. వంతులవారీగా ఊపిరి తీసుకుంటే చాలా? పాడినవాళ్లే చెప్పాలి.

పాటలోని జర్మన్ మాటలు తెలుగు లిపిలో రాసుకున్నాం. ఈ, ఊల మధ్య పలికే అచ్చుకు మనకు అక్షరమే లేదు. మీరెలా నేర్పారు? పాడేది ఆరుబయట. మైకులు ఎన్ని కావాలి, ఎక్కడ పెట్టాలి?