పల్చటి టీషర్టులు, టోపీలు: ఫ్లాట్ కుట్టా, 3డీ పఫ్ఫా, అప్లికా?

కొత్తకుట్టు:
మా వాలీబాల్ టీమ్‌కి 24 టీషర్టులు, 24 టోపీలు చేయిస్తున్నాం. టోపీ ముందు టీమ్ పేరు లావు అక్షరాల్లో, టీషర్టుకి ఎడమ ఛాతీ మీద చిన్న గద్ద లోగో, అదే లోగో వీపు మీద 10 అంగుళాల వెడల్పున. లోగో కింద 4 మిల్లీమీటర్ల అక్షరాలతో ఒక లైను కూడా ఉంది. అన్నీ మెషిన్ ఎంబ్రాయిడరీతోనే, కుట్టేవాళ్లు నాలుగు రకాల కుట్టు శాంపిళ్లు ముందు పెట్టి ఏది కావాలో చెప్పమన్నారు. ఉబ్బెత్తుగా ఉన్న పఫ్ నాకు తెగ నచ్చింది, అన్నిటికీ అదే వేయించేద్దామా? టీషర్టు బట్ట 160 జీఎస్ఎం కాటన్, కాస్త పల్చనే.

సూదిమొన:
అన్నిటికీ వద్దండీ. పఫ్ అంటే బట్ట మీద ఫోమ్ పరిచి పైన శాటిన్ కుట్టు (ఈ అంచు నుంచి ఆ అంచుకి అడ్డంగా పడే దారాలు) బాగా దగ్గరగా వేయడం, ఆ సూది పోట్లకే అంచున ఫోమ్ తెగి మిగతాది ఊడొచ్చేస్తుంది. గీత కనీసం 4 మిల్లీమీటర్లన్నా లావుంటేనే అందంగా లేస్తుంది. టోపీ మీద లావు అక్షరాలకి దాన్ని మించింది లేదు, గద్ద ఈకలకి మాత్రం పనికిరాదు. ఛాతీ మీదకి ఫ్లాట్, అంటే ఫోమ్ లేకుండా నేరుగా బట్ట మీద వేసే మామూలు కుట్టు చాలు.

అసలు తలనొప్పి వీపు మీదే. 10 అంగుళాల బొమ్మంతా దారంతో నింపితే పల్చటి బట్ట ముడతలు పడుతుంది, చెమట పట్టినప్పుడు వీపుకి అట్టముక్క కట్టుకున్నట్టే ఉంటుంది. పైగా చాలాచోట్ల కుట్ల లెక్కన డబ్బులు తీసుకుంటారు. అప్లిక్ చేయించండి, బొమ్మ ఆకారంలో బట్ట కత్తిరించి అంచులు మాత్రమే కుడతారు.

పాతకండె:
అప్లిక్ మంచిదే, కానీ ఆడేటప్పుడు వేసుకునేవైతే వీపు మీద ప్రింటే వేయించుకోమంటా. ఎంబ్రాయిడరీ పిచ్చి నాకూ ఉంది లెండి, అయినా చెప్తున్నా.

ఇంకోటి, వెనక ఏ బ్యాకింగ్ (కుట్టు కింద బట్ట ముడతపడకుండా పెట్టే షీటు) వేస్తున్నారో అడగండి. టీషర్టులాంటి సాగే బట్టకి, కుట్టాక చుట్టూ మిగిలింది కత్తెరతో కత్తిరించే రకమే వేయాలి. నాకు ఒకచోట మిగిలింది చేత్తో చింపేసే రకం వేసి ఇచ్చారు, చేతికి వచ్చినప్పుడు బ్రహ్మాండంగా ఉంది, రెండు ఉతుకులకి లోగో చుట్టూ బట్ట కుచ్చిళ్లు పోసినట్టు తయారైంది. అడిగితే ఇస్త్రీ చేసుకోమన్నారు!

కొత్తకుట్టు:
అమ్మో, మంచి మాట చెప్పారు. మరి ఆ 4 మిల్లీమీటర్ల లైను? తెలుగులోనే ఉంది.

సూదిమొన:
మామూలుగా వాడే 40 నంబరు దారంతో అయితే ఆశ వదులుకోండి. ఇంగ్లిష్ పెద్దక్షరాలకే 5 మిల్లీమీటర్లు కావాలి, మన అక్షరాల్లో సున్నాలు పూడుకుపోతాయి, వత్తులు ముద్దలా కనిపిస్తాయి. 60 నంబరు సన్న దారం, సన్న సూది వాడితే కొంత నయమే, అయినా ఛాతీ లోగోలోంచి ఆ లైను తీసేయడమే మేలు. వీపు మీద ఎలాగూ పెద్దదవుతుంది కాబట్టి అక్కడ ఉంచుకోండి.

ఛాతీ లోగో కోసం చేసిన ఫైలునే (ఏ కుట్టు ఎక్కడ పడాలో మెషిన్‌కి చెప్పేది) సాగదీసి వీపుకి వాడతామంటే ఒప్పుకోవద్దు. పది, ఇరవై శాతం మించి సైజు మారితే కుట్లు మళ్లీ మొదటి నుంచి వేసుకోవాల్సిందే.

కొత్తకుట్టు:
సరే, పఫ్ టోపీలకే. వీపు సంగతి టీమ్‌ని అడగాలి, వాళ్లకి ప్రింట్ అంటే పడదు. ముందు మా బట్ట మీదే ఒక ముక్క కుట్టించి, రెండుసార్లు ఉతికాక ఫోటో పెడతా.