స్టెరాయిడ్ రోజుల్లో నాలుగేళ్ల బాబును మందలించాలా, వదిలేయాలా?

ప్రశ్న (బాబు తల్లి)

మా బాబుకు అక్యూట్ లింఫోబ్లాస్టిక్ లుకేమియా (ఒక రకం రక్తక్యాన్సర్) అని తేలి 18 రోజులయింది. ఇండక్షన్ అనే మొదటి దశ చికిత్సలో ఉన్నాము. వారానికొకసారి విన్‌క్రిస్టిన్ అనే కీమో మందు, రోజూ డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ మాత్రలు నడుస్తున్నాయి. వైద్యం సంగతి డాక్టర్లు ఓపికగా వివరిస్తున్నారు కనుక దాని గురించి అడగడం లేదు. ఎవరి మీదా చేయెత్తని పిల్లవాడు ఇప్పుడు ఎనిమిదేళ్ల అక్కను కొడుతున్నాడు, రాత్రి రెండు గంటలకు లేచి ఆకలని ఏడుస్తున్నాడు, మాత్ర కనబడగానే నోరు బిగిస్తున్నాడు. మొన్న ఆసుపత్రికి బయలుదేరేటప్పుడు ఏడుస్తాడన్న భయంతో "ఈ రోజు సూది లేదు" అని అబద్ధం చెప్పాను. తీరా పోర్టులో (మందులు ఎక్కించడానికి చర్మం కింద అమర్చిన చిన్న పరికరం) సూది గుచ్చాక, ఇంటికి వచ్చేదాకా వాడు నాతో మాట్లాడలేదు. ఇంత బాధ పడుతున్న పిల్లవాణ్ని మందలించడం న్యాయమా? మందలించకపోతే రెండేళ్లకు పైగా సాగే ఈ చికిత్స ముగిసేసరికి వాడు ఎలా తయారవుతాడు?

జవాబు 1 (చికిత్స పూర్తయిన పాప తల్లి)

అమ్మా, ఇప్పుడు మీరు చూస్తున్న కోపంలో సగానికి పైగా మందుది. ఆ ఆకలి కూడా మారాం కాదు, నిజమైన ఆకలే. తొడ కండరాలు బలహీనపడి, మెట్టు ఎక్కకుండా ఎత్తుకోమని అడిగితే దాన్ని గారాబం అనుకోకండి. నేను అలా అనుకుని మా పాపను నడిపించినందుకు ఇప్పటికీ బాధపడుతుంటాను. స్టెరాయిడ్ ఆపిన రెండు వారాల్లో మా పాప మళ్లీ మా పాపలాగే మారింది. అందుకే ఆ నెల రోజులూ భోజన వేళలు, నిద్ర వేళలు, టీవీ నియమాలు అన్నీ పక్కన పెట్టేశాను. మీరూ అలాగే చేయండి, తరువాత సర్దుకుంటాయి.

జవాబు 2 (మెయింటెనెన్స్ అనే చివరి దశ చికిత్సలో ఉన్న బాబు తండ్రి)

పై జవాబులో వేళల గురించి చెప్పింది ఒప్పుకుంటాను కానీ, అన్నీ వదిలేయమనడం నాకు సరిగా తోచలేదు. మా ఇంట్లో అన్నిటికీ సరేనన్నాక వాడిలో బెంగ తగ్గకపోగా పెరిగింది. అమ్మానాన్నలు కూడా దేనికీ అడ్డు చెప్పడం లేదంటే ఏదో పెద్ద ప్రమాదమే జరుగుతోందని వాడికి అర్థమైనట్టుంది. అందుకని కొట్టకూడదన్న నియమాన్ని మాత్రం తిరిగి తెచ్చాము. కోపం రావచ్చు, దిండును గుద్దవచ్చు, మనిషిని కొట్టకూడదు. కొడితే అరవకుండా చెయ్యి పట్టుకుని ఆ మాటే మళ్లీ చెప్పేవాళ్లం.

మాత్రల విషయంలో నేను చేసిన తప్పు "వేసుకుంటావా?" అని అడగడం. "వద్దు" అన్న జవాబును ఒప్పుకోలేని చోట ఆ ప్రశ్న అడగకూడదు. వేసుకోవడం తప్పదని చెప్పి, ఎవరి ఒడిలో కూర్చుంటాడో, ఏ గ్లాసుతో నీళ్లు తాగుతాడో వాడికే వదిలేశాను. ఇష్టమైన తిండిలో దాచి పెట్టకండి; ఒకసారి చేదు తగిలితే మందుతో పాటు ఆ తిండినీ మానేస్తారు. ఇది ఈ నెలతో తీరే పని కూడా కాదు. మెయింటెనెన్స్‌లో మెర్కాప్టోప్యూరిన్ అనే కీమో మాత్రను నెలల తరబడి రోజూ ఇంట్లో మనమే వేయాలి. 2012లో వెలువడిన ఒక అమెరికా అధ్యయనంలో, 95 శాతం కంటే తక్కువ మోతాదులు వేసుకున్న పిల్లల్లో జబ్బు తిరగబెట్టడం ఎక్కువగా కనిపించింది. నెలకు రెండు మోతాదులు తప్పితే ఆ గీత దాటినట్టే.

సూది గురించి అబద్ధం ఇక చెప్పకండి. అలాగని వారం ముందే చెప్తే నాలుగేళ్ల పిల్లవాడికి అది వారం రోజుల భయం. ఆ రోజు పొద్దున చెప్తే చాలు. చర్మాన్ని మొద్దుబార్చే క్రీమును గంట ముందు రాస్తే చాలా తేడా ఉంటుంది, మీ వార్డులో అడగండి.

జవాబు 3 (పిల్లల క్యాన్సర్ వార్డు నర్సు)

మందలింపు గురించి ఆలోచించే ముందు ఒకటి చూడండి. నోరు బిగించడం మొండితనమే కాకపోవచ్చు: విన్‌క్రిస్టిన్ వల్ల దవడ నొప్పి వస్తుంది, కీమో వల్ల నోట్లో పుండ్లు పడతాయి, మలబద్ధకంతో కడుపు నొప్పీ ఉండవచ్చు. నాలుగేళ్ల పిల్లలు వీటిని మాటల్లో చెప్పలేరు, కొట్టి చెప్తారు. రాత్రి ఆకలితో పాటు విపరీతమైన దాహం, మాటిమాటికీ మూత్రం ఉంటే స్టెరాయిడ్ వల్ల రక్తంలో చక్కెర పెరిగి ఉండవచ్చు కనుక ఉదయం దాకా ఆగకుండా ఫోన్ చేయండి. ప్రవర్తన భరించలేక స్టెరాయిడ్‌ను సొంతంగా ఆపకండి, తగ్గించకండి. నిద్ర పట్టకపోతే సాయంత్రపు మోతాదును ఇంకాస్త తొందరగా వేయవచ్చేమో డాక్టరును అడగండి. మాత్రలను కూడా మమ్మల్ని అడగకుండా పొడి చేయవద్దు, కీమో మాత్రల పొడి ఇంట్లో ఉన్నవారికీ మంచిది కాదు. జ్వరం 38 డిగ్రీల సెల్సియస్, అంటే 100.4 ఫారన్‌హీట్ చేరితే పారాసెటమాల్ వేసి చూద్దామనుకోకుండా వెంటనే ఆసుపత్రికి ఫోన్ చేయాలి.

ఇక మీ పాప గురించి ఎవరూ అడగలేదు. ఆ వయసు పిల్లలు జబ్బు తమ వల్లే వచ్చిందనో, తమకూ అంటుకుంటుందనో లోపల అనుకుంటూ బయటికి చెప్పరు. కూర్చోబెట్టి ఒకసారి అడగండి.

ప్రశ్న అడిగిన తల్లి, రెండు రోజుల తరువాత

అందరికీ కృతజ్ఞతలు. బాబుకు దవడ నొప్పి ఉన్న మాట నిజమే, డాక్టరు చూసి మందిచ్చారు. పాపను నిన్న రాత్రి అడిగాను. జబ్బు తేలడానికి ముందు ఆటలో తమ్ముణ్ని ఒకసారి తోసిందట. ఆ తరువాత వాడి కాళ్ల మీద నల్లటి మచ్చలు కనబడ్డాయి కనుక అదంతా తన వల్లే అయిందని ఇన్నాళ్లూ అనుకుంటోంది. ప్లేట్‌లెట్లు పడిపోవడం వల్ల ఆ మచ్చలు వచ్చాయని రక్తపరీక్ష కాగితం చూపించి చెప్పాను. తల ఊపింది కానీ నమ్మినట్టు లేదు. గురువారం దాన్నీ వార్డుకు తీసుకువెళ్లి డాక్టరుగారి చేతనే చెప్పిస్తాను.