సేలం న్యాయమూర్తి శామ్యూల్ సూవల్ క్షమాపణ: పశ్చాత్తాపమా, బిడ్డల కోసం భయమా?

చర్చకు పెట్టిన ప్రశ్న

1692లో, అమెరికాలో ఇంగ్లిష్‌వారి వలస రాజ్యమైన మసాచుసెట్స్‌లోని సేలంలో చేతబడి నేరం మోపి 19 మందిని ఉరితీయించిన ప్రత్యేక న్యాయస్థానంలో శామ్యూల్ సూవల్ ఒక న్యాయమూర్తి. ఐదేళ్లు తిరగకుండానే, 1697 జనవరి 14న, బోస్టన్‌లోని తన చర్చిలో, తాను రాసి ఇచ్చిన చీటీని పాదిరి చదువుతుండగా అందరి ఎదుట నిలబడి, ఆ నింద తానే మోస్తానని ఒప్పుకున్నారు. ఆ క్షమాపణ ప్రాణాలు కోల్పోయినవారి కోసమా, తన ఇంటి క్షేమం కోసమా? ఆయన సంతతివారు దాన్ని పూర్వికుని ఘనతగా చెప్పుకోవడం న్యాయమేనా?

మొదటి సమాధానం

న్యాయం కాదని నా అభిప్రాయం. ఆనాడు చదివించిన చీటీ మొదలవడమే తన మీద, తన కుటుంబం మీద పదే పదే పడుతున్న దైవదండన ప్రస్తావనతో మొదలవుతుంది; చివరికి వచ్చేసరికి ఆ పాపఫలం తనకు గాని, తనవారికి గాని తగలకూడదన్న వేడుకోలు కనిపిస్తుంది. ఉరికంబమెక్కినవారిలో ఒక్కరి పేరైనా అందులో లేదు. "చేసిన పాపం చెబితే పోతుంది" అని మన పెద్దలు అంటారు. ఆయన కోరుకున్నది కూడా ఆ పాపం తన గడప దాటి పోవాలనే. పైగా ఆయన పదవికి ఏ లోటూ రాలేదు. 1718 నుంచి 1728 వరకు ఆ వలసకు ప్రధాన న్యాయమూర్తిగా ఉన్నారు.

రెండవ సమాధానం

పై మిత్రులు చీటీ మొదలునూ చివరనూ చూపించారు గాని, నడుమ ఉన్న మాటను విడిచిపెట్టారు. "మనుషుల క్షమాపణ కోరుతున్నాను" అని కూడా సూవల్ అందులో రాశారు. దేవునితో మాత్రమే లెక్క తీర్చుకోదలచినవాడు ఇంట్లో తలుపు వేసుకుని ప్రార్థన చేసుకుంటే సరిపోయేది.

ఆయన బిడ్డల కోసం భయపడ్డారన్నది నిజం, దాన్ని నేను కాదనను. ఆ నెలల్లో ఆయన రాసుకున్న దినచర్య పుస్తకం చదివితే మనసు కలచివేస్తుంది. 1696 మే నెలలో ఒక కొడుకు మృతశిశువుగా పుట్టాడు. డిసెంబరు 23న రెండేళ్ల సారా కన్నుమూసింది. మరునాడు పెద్దకొడుకు శామ్ లాటిన్‌లో మత్తయి సువార్త పన్నెండవ అధ్యాయం అప్పజెబుతుండగా, బలిని గాక కనికరాన్నే కోరుతున్నానన్న మాటకు అర్థం మీకు తెలిసి ఉంటే నిర్దోషులకు శిక్ష వేసి ఉండేవారు కారు అనే ఏడవ వచనం వినబడి, సేలం ఘోరం భయంకరంగా గుర్తుకు వచ్చిందని ఆయనే రాసుకున్నారు. డిసెంబరు 25 మధ్యాహ్నం కుటుంబ సమాధి గదిలోకి దిగి, అత్తమామల పేటికలనూ, మూడేసి చొప్పున ఒకదానిమీద ఒకటి పేర్చి ఉన్న తన ఆరుగురు బిడ్డల పేటికలనూ చూస్తూ నిలబడి, చిన్న సారాను అమ్మమ్మ పాదాల దగ్గర ఉంచమని చెప్పారు. ఆ చీటీ చదివినది సరిగ్గా ఇరవై రోజులకు.

అయితే ఆ కడుపుకోతే ఆయన చేత నోరు విప్పించినంత మాత్రాన ఆ మాట అబద్ధమైపోతుందా? నా దృష్టిలో కాదు. బిడ్డను పోగొట్టుకున్నప్పుడే ఇతరుల ఇళ్లలో తాము ఆర్పిన దీపాలు ఆయనకు కనిపించాయి. ఫలానావారి రూపం వచ్చి నన్ను పీడించిందన్న ఆరోపణను సాక్ష్యంగా అంగీకరించిన ధర్మాసనం అది. దాని అధ్యక్షుడు విలియం స్టౌటన్ 1701లో మరణించే వరకు తప్పు ఒప్పుకోనే లేదు. సూవల్ మాత్రం పాదిరి శామ్యూల్ విల్లర్డ్ చీటీ చదివినంతసేపు లేచి నిలబడి, ముగిశాక తలవంచారు. ఆ విచారణల తీరును మొదటినుంచీ శంకించినవారిలో విల్లర్డ్ ఒకరు. అటువంటివారి నోట తన తప్పు చదివించుకోవడం చిన్న విషయం కాదు.

ఆ తరువాతి పనిని కూడా కలిపి చూడాలి. 1700 జూన్‌లో, బోస్టన్‌లో పెద్దమనుషుల ఇళ్లలో బానిసలు ఉన్న కాలంలోనే, మనుషులను అమ్మడం, కొనడం తప్పని ఒక చిన్న పుస్తకం అచ్చు వేయించారు. దాన్ని ఖండిస్తూ మరుసటి ఏడే జవాబు అచ్చు వేయించిన జాన్ సాఫిన్ కూడా న్యాయమూర్తే. ఆడమ్ అనే బానిసకు స్వేచ్ఛ ఇస్తానని మాట ఇచ్చి తప్పినవాడు ఆయన. ఈ పుస్తకం రాయడంలో సూవల్‌కు కుటుంబ క్షేమం ఏ మాత్రమూ కలిసిరాలేదు.

మొదటివారి ప్రతిస్పందన

దినచర్యలోని ఆ సమాధి గది సంగతి నేను తగినంత పట్టించుకోలేదు. ఆ మేరకు నా మాట కఠినమైంది. కానీ మనుషులను అమ్మడం తప్పన్న ఆ చిన్న పుస్తకంలోనే నల్లవారు తమతో ఎన్నటికీ కలిసిపోలేరని కూడా ఆయనే రాశారు. పేర్ల విషయంలో నా అభ్యంతరం అలాగే ఉంది. గైల్స్ కోరీ అనే నిందితుణ్ణి, నేరం ఒప్పుకొనో, కాదనో నోరు విప్పనందుకు 1692 సెప్టెంబరు 19న రాళ్ల బరువు కింద నలిపి చంపారని తన దినచర్యలో పేరుతో సహా రాసుకున్న మనిషికి, చీటీ రాసేనాటికి ఆ పేరు తెలియక కాదు గదా.

రెండవవారు

పేర్ల విషయంలో మీతో ఏకీభవిస్తాను. శిక్ష పడినవారిలో చాలామంది పేర్లమీది నేరాన్ని కొట్టివేసి, వారి కుటుంబాలకు సుమారు 578 పౌండ్ల పరిహారాన్ని వలస ప్రభుత్వం ప్రకటించింది 1711లో. అప్పటివరకు ఆ ఇళ్లవారు కోరినది కూడా అదే, తమ పేరు తమకు తిరిగి రావాలని. సూవల్ చీటీ ఆ పని చేయలేదు.