రింగ్ టెస్ట్ కర్వ్ ఎంతకీ ఫ్లాట్ అవ్వట్లేదు, హార్టన్ ఫిట్ కావట్లేదు, హెల్ప్ ప్లీజ్

నీటిబొట్టు: పొద్దున్నుంచి దీంతోనే కొట్టుకుంటున్నా, తల పగిలిపోతోంది. రింగ్ టెస్ట్ చేశా (నేలలో రింగ్ దింపి, నీళ్లు పోసి, ఎంత వేగంగా ఇంకుతున్నాయో చూడటం), రెండు గంటల రీడింగ్స్ ఉన్నాయి. రేటు గంటకి మి.మీ. లెక్కన మొదట 108, తర్వాత 90, 69, 58, 48, 42, 35, చివరికి 31.5, ఇంకా దిగుతూనే ఉంది. పుస్తకాల్లో బొమ్మ చూస్తే కాసేపటికే గీత పడుకుంటుంది, నాది పడుకోదే! హార్టన్ ఫార్ములాలో (ఇంకే రేటు టైమ్‌తో ఎలా తగ్గుతుందో చెప్పేది) ఎఫ్‌సి, అంటే చివర్లో నిలకడగా ఉండే రేటు, ఎంత పెట్టాలి? ఏం పెట్టినా కె (రేటు ఎంత త్వరగా పడిపోతుందో చెప్పేది) తిక్కతిక్కగా వస్తోంది. ఫార్ములా కరెక్టే, చెక్ చేశా.

గుల్లమట్టి: సింగిల్ రింగా, డబులా?

వానలెక్క: ముందొకటి క్లియర్ చేసుకోండి, మీరు కొలిచింది రేటు కాదు, కెపాసిటీ. నీళ్లు నిలబెట్టి మట్టి ఎంత తాగగలదో చూశారు అంతే. నిజం వాన గంటకి 8 మి.మీ. పడుతుంటే మట్టి 30 తాగగలిగినా ఇంకేది ఆ 8 మాత్రమే కదా. పైగా బోడి నేల మీద చినుకుల దెబ్బకి సన్న మట్టి చెదిరి రంధ్రాలు పూడుకుపోయి పైన పొర కట్టేస్తుంది, దాంతో ఇంకే వేగం బాగా పడిపోతుంది, రింగులో మెల్లగా పోసిన నీళ్లకి ఈ సంగతే తెలీదు. నేనెప్పుడూ చెప్పేదే, రింగులు పక్కన పెట్టి రెయిన్‌ఫాల్ సిమ్యులేటర్ (కృత్రిమంగా వాన కురిపించే పరికరం) వాడండి.

నీటిబొట్టు: సిమ్యులేటర్ నాకెక్కడ దొరుకుతుందండీ, ఉన్న డేటాతోనే ఏదోటి చెప్పండి. సింగిల్ రింగే, 30 సెం.మీ.ది.

గుల్లమట్టి: రేటు ఎలా తీశారు? అసలు రీడింగ్స్ పెట్టండి.

నీటిబొట్టు: ఎలా ఏముంది, అప్పటిదాకా ఇంకింది బై టైమ్. 5 నిమిషాలకి 9 మి.మీ., 10కి 15, 20కి 23, 30కి 29, 45కి 36, 60కి 42, 90కి 53, 120కి 63.

గుల్లమట్టి: అది యావరేజ్. మొదట్లో గటగటా తాగిందంతా చివరిదాకా మోస్తున్నారు. వరస రీడింగ్స్ మధ్య తేడా తీసి ఆ ఇంటర్వెల్‌తోనే భాగించండి. చివరి అరగంటలో 10 మి.మీ. అంటే గంటకి 20, దాని ముందు అరగంట 22. పడుకుంది కదా.

పొలంగట్టు: 20 అంటే లోమ్‌కి (ఇసుక, ఒండ్రు, బంకమట్టి కలిసిన నేల), సాండీ లోమ్‌కి (అందులోనే ఇసుక ఎక్కువున్నది) మధ్యలో, నమ్మేలాగే ఉంది. సో ఈ మట్టి హైడ్రాలిక్ కండక్టివిటీ (నీళ్లని తనలోంచి ఎంత తేలిగ్గా పోనిస్తుందో) 20 అన్నమాట.

వానలెక్క: అలా ఎలా అంటారండీ! రింగులో నీటి మట్టం తోసే ఒత్తిడి ఉంది, కింద పొడి మట్టి లాక్కునేది ఉంది, సింగిల్ రింగ్ కాబట్టి నీళ్లు అడుగు నుంచి పక్కలకీ పోతాయి. అన్నీ కలిసిన 20 అది. అసలు కండక్టివిటీ దానికంటే తక్కువే ఉంటుంది.

పొలంగట్టు: అందుకే కదా చుట్టూ 60 సెం.మీ. రింగ్ ఇంకోటి పెట్టేది. పెద్ద తేడా ఏం రాదులెండి.

వానలెక్క: బయటి రింగ్ ఉన్నా పక్కలకి పోవడం పూర్తిగా ఆగదు, తగ్గుతుందంతే. ఇక్కడ అదీ లేదు. పెద్ద తేడా రాదని ఏ లెక్కన అంటున్నారు?

నీటిబొట్టు: మీరిద్దరూ తర్వాత తేల్చుకోండి ప్లీజ్ 🙏 మార్చా, ఇప్పుడు 108, 72, 48, 36, 28, 24, 22, 20 వచ్చాయి. ఎఫ్‌సి 20 పెట్టి, రేట్లలోంచి దాన్ని తీసేసి లాగ్ తీస్తే చివరి రోలో ఎర్రర్ కొడుతోంది.

గుల్లమట్టి: 20లోంచి 20 పోతే సున్నా, సున్నాకి లాగ్ లేదు. 18 పెట్టి చూడండి. టైమ్ కూడా ఇంటర్వెల్ మధ్యది తీసుకోవాలి, మొదటి రోకి 5 కాదు 2.5.

పొలంగట్టు: హార్టన్‌నే పట్టుకుని వేలాడటం దేనికి, ఫిలిప్ ఈక్వేషన్ ట్రై చేయండి. మొత్తం ఇంకింది ఒకవైపు, టైమ్, టైమ్ వర్గమూలం ఇంకోవైపు, ఈ లాగ్ గోల ఉండదు.

నీటిబొట్టు: వచ్చింది! కె 0.0355, ఎఫ్‌జీరో (మొట్టమొదటి రేటు) 75. మొదటి రీడింగే 108 ఉంటే ఎఫ్‌జీరో 75 ఏంటో అర్థం కాలేదు గానీ, సర్లే ప్రస్తుతానికి ఇదే పెట్టేస్తా. థాంక్స్ అందరికీ.

గుల్లమట్టి: ఆ కె నిమిషానికి. మీ రేట్లు గంటకి. 2.13 అని రాయండి.

పొలంగట్టు: 75 ఎందుకంటే మొదటి రెండు మూడు పాయింట్లు ఆ గీత మీద కూర్చోవు, ఒక్క కె తో మొదటి జోరు, చివరి నెమ్మది రెండూ పట్టుకోవడం కష్టం. ఫిలిప్ అన్నది అందుకే.

వానలెక్క: ఇంతకీ టెస్ట్‌కి ముందు నేల పొడిగా ఉందా తడిగా ఉందా? అది రాయకుండా ఎఫ్‌జీరో ఒక్కటే ఇస్తే ఎవరికీ పనికిరాదు.